గీసే చెయ్యి, చేసే చెయ్యి

25 మిల్లీమీటర్ల కడ్డీ 25 మిల్లీమీటర్ల రంధ్రంలోకి పోదు. మెకానికల్ ఇంజనీరింగులో చేరిన పిల్లలకు మొట్టమొదట చెప్పాల్సిన సంగతి ఇదేనని నా నమ్మకం. చెబితే మాత్రం ఎవరికీ ఎక్కదు. రెండూ సమానమైనప్పుడు సరిగ్గా ఇమిడిపోవాలి గదా సార్ అంటారు. కంప్యూటర్ తెర మీద ఇమిడిపోతుంది కూడా. సాలిడ్‌వర్క్స్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ తెరిచి రెండు భాగాల నడిగీతలూ కలిపితే ఏ ఇబ్బందీ లేకుండా ఒకదాంట్లోకి ఒకటి జారిపోతుంది. అదే కడ్డీని లేత్ మీద తిప్పి, అదే కొలతతో దిమ్మెకు రంధ్రం వేసి పిల్లల చేతికిచ్చి చూడండి. ఎంత నొక్కినా దిగదు. సుత్తితో నాలుగు దెబ్బలు వేసి దింపితే మళ్లీ బయటికి రాదు.

హాయిగా తిరగాలంటే రెంటి మధ్యా కొంత సందు కావాలి. ఎంత సందు అన్నది పుస్తకాల్లో పట్టికలుగా ఉంది. రంధ్రం 25 నుంచి 25.021 లోపు, కడ్డీ 24.980 నుంచి 24.993 లోపు ఉంటే సాఫీగా తిరుగుతుందని ఆ పట్టిక చెబుతుంది. 0.021 మిల్లీమీటరంటే తలవెంట్రుక మందంలో మూడో వంతో నాలుగో వంతో. పరీక్షలో ఈ పట్టిక గురించి రాసి మార్కులు తెచ్చుకున్న పిల్లలే, వర్క్‌షాపులో కడ్డీ దిగనప్పుడు ఏం చేయాలో తోచక మాస్టారి ముఖం వైపు చూస్తారు. పుస్తకంలో చదివిందీ, ఇప్పుడు చేతికి అడ్డం పడిందీ ఒకటేనని వాళ్లకు తట్టే క్షణం ఒకటి వస్తుంది. ఇంజనీరింగ్ కాలేజీలో డిజైన్ కోర్సు పెట్టేది ఆ క్షణం కోసమే అనుకుంటాను.

పట్టికలతో పని లేకుండా ఈ సందు సంగతి తెలిసినవాళ్లు మనకు దగ్గర్లోనే ఉన్నారు. అనకాపల్లి జిల్లాలో వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక అనే ఊరు ఉంది. అక్కడి పనివాళ్లు అంకుడు కర్రను లేత్ మీద తిప్పుతూ, తిరిగే కర్రకు రంగు కలిపిన లక్కను ఆనిస్తారు. రాపిడి వేడికి లక్క కరిగి కర్రను పట్టుకుంటుంది. పిల్లల్ని తీసుకుని అక్కడికి వెళ్లినప్పుడు అందరూ రంగుల్ని చూస్తుంటే, ఒకమ్మాయి మాత్రం కుంకుమ భరిణె మూతను తీస్తూ పెడుతూ కూర్చుంది. మూత కొలత ఎంత పెడతారండీ అని అడిగింది. కొలతేముందమ్మా, పెట్టి చూస్తాం గదా, బిగువు చాలకపోతే ఇంకో మూత తిప్పుతాం అన్నాడు భరిణె చేసినాయన. ఆ అమ్మాయి సంచిలోంచి వెర్నియర్ తీసి నాలుగు భరిణెలు కొలిచింది. ఏ రెండూ ఒక్కలా లేవు. ఈ మూత ఆ భరిణెకు పెడితే వదులు, ఆ మూత దీనికి పెడితే దిగదు. కానీ దేని మూత దానికి ఎంత బాగా కుదిరిందో!

తిరుగు ప్రయాణంలో బస్సంతా దీని మీదే చర్చ. ఆయన దగ్గర డ్రాయింగ్ లేదు, కొలతలు లేవు, అయినా పని ఇంత బాగా ఎలా వచ్చింది? ఆలోచించే మనిషీ చేసే మనిషీ ఒక్కరే కాబట్టి అని నేను చెప్పాను. మనసులో ఉన్నదాన్ని చేతికి చెప్పడానికి కాగితం అక్కర్లేదు. ఆలోచించే మనిషి హైదరాబాదు ఆఫీసులోనూ, చేసే మనిషి బాలానగర్ పారిశ్రామికవాడలోనో పుణేలోనో ఉన్నప్పుడు, ఎవరో ఎక్కడో చేసిన మూత మరెవరో చేసిన భరిణెకు కుదరాల్సి వచ్చినప్పుడు కాగితం కావాలి. ఇంజనీరింగ్ డ్రాయింగ్ అంటే ఆలోచించినవాడు చేసేవాడికి రాసే ఉత్తరం. అందుకున్నవాడికి ఒక్క ప్రశ్న కూడా మిగలకూడదు.

ఆ ఉత్తరం రాసే పద్ధతిని మనకిచ్చిన మనిషి గాస్పార్ మోంజ్. 1760ల్లో ఫ్రాన్సులో మెజియేర్ అనే ఊళ్లో సైనిక ఇంజనీరింగ్ పాఠశాల ఉండేది. శత్రువు ఫిరంగులకు దొరక్కుండా కోటగోడలు ఎక్కడ ఎంత ఎత్తులో కట్టాలన్నది అక్కడి వాళ్లకు రోజుల తరబడి కూడికలు, గుణకారాలతో తేలే లెక్క. మోంజ్ దాన్ని గీతలతో తేల్చేశాడు. పైనుంచి చూసిన రూపం ఒకటి, ముందు నుంచి చూసిన రూపం ఒకటి, రెంటినీ ఒకే కాగితం మీద ముడివేశాడు. అంత తొందరగా జవాబు రావడం చూసి పై అధికారి మొదట పరిశీలించడానికే ఒప్పుకోలేదట. ఒప్పుకున్నాక, ఏళ్ల తరబడి సైనిక రహస్యంగా దాచారు. 1795లో పారిస్‌లో పాఠాలుగా చెప్పిన తర్వాతే లోకానికి తెలిసింది. మన పిల్లలు మొదటి సంవత్సరం గీసే ప్లాన్, ఎలివేషన్ ఆ పాఠాలే. షీట్లు చుట్టిన గొట్టం భుజానికి వేసుకుని, మినీ డ్రాఫ్టర్ చేతిలో పట్టుకుని ఆర్టీసీ బస్సులో నిలబడి వెళ్లిన ప్రతివాడూ మోంజ్ శిష్యుడే.

వర్క్‌షాపుది వేరే వంశం. 1876లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో పెద్ద ప్రదర్శన జరిగింది. మాస్కో నుంచి విక్టర్ డెల్లా వోస్ నడిపే సాంకేతిక పాఠశాల వాళ్లు తమ విద్యార్థులు చేసిన నమూనాలు పంపారు. వడ్రంగం, కమ్మరం, ఫిట్టింగ్ లాంటి పనుల్ని చిన్న చిన్న అభ్యాసాలుగా విడగొట్టి, తేలికైనదాంతో మొదలుపెట్టి కష్టమైనదాని దాకా వరసగా పేర్చిన నమూనాలవి. ఎం.ఐ.టి. అధ్యక్షుడు జాన్ రంకిల్ వాటిని చూశాడు. పనితనాన్ని తరగతిలో క్రమంగా నేర్పవచ్చన్న సంగతి ఆయనకు అక్కడ దొరికింది. ఆ ఏడే తన సంస్థలో వర్క్‌షాపు చదువు మొదలుపెట్టించాడు. ఇప్పుడు మన కాలేజీల్లో వడ్రంగం షెడ్డులో టీ ల్యాప్ జాయింటు, డవ్‌టెయిల్ జాయింటు, ఫిట్టింగ్ షెడ్డులో వి ఫిట్, స్క్వేర్ ఫిట్, ఇవన్నీ ఆ వరసలోంచి వచ్చినవే.

ఈ రెండు వంశాలూ ఒకే సంవత్సరంలో ఒకే పిల్లవాడికి తగులుతాయి. కానీ ఒకదాన్నొకటి ఎన్నడూ పలకరించుకోవు. డ్రాయింగ్ హాల్లో వాడు నేలకు 30 డిగ్రీలు, గోడకు 45 డిగ్రీలు వంగిన షడ్భుజ పిరమిడ్ గీస్తాడు. ఆ పిరమిడ్‌ను ఎవరూ ఎప్పుడూ చెయ్యరు. వర్క్‌షాపులో గోడకు వేలాడే బొమ్మ చూసి కర్ర కోస్తాడు. ఆ బొమ్మ వాడు గీసింది కాదు. అఖిల భారత సాంకేతిక విద్యా మండలి (ఎ.ఐ.సి.టి.ఇ.) 2018లో ఇచ్చిన నమూనా పాఠ్యప్రణాళికలోనూ గ్రాఫిక్స్ ఒక కోర్సు, వర్క్‌షాపు ఇంకో కోర్సు. వేరు వేరు గదులు, వేరు వేరు మాస్టార్లు, వేరు వేరు రికార్డు పుస్తకాలు. నాకు చదువులో కనబడే పెద్ద లోటు ఇదే. ఉత్తరం రాయడం ఒక చోట నేర్పుతున్నాం, అందుకోవడం ఇంకో చోట నేర్పుతున్నాం. రాసినవాడు తన ఉత్తరాన్ని తానే అందుకునే అవకాశం ఎక్కడా ఇవ్వడం లేదు.

దీన్ని సరిచేయడానికి పెద్ద యంత్రాలేమీ అక్కర్లేదు. మా విభాగంలో నేను ఇష్టంగా చేయించే పని ఒకటుంది. ప్రతి విద్యార్థీ అరచేతిలో పట్టే చిన్న బ్రాకెట్టో బిగింపో తనంతట తాను ఊహించి గీయాలి. గీసిన కాగితం మరో విద్యార్థికి ఇచ్చేస్తాం. అతను దాన్ని చేయాలి. ఇద్దరూ మాట్లాడుకోకూడదు. ఫోను కూడా చేసుకోకూడదు. అడగాలనిపించిన ప్రతిదీ కాగితం అంచున రాసిపెట్టాలి.

ఆ అంచులు చదివితే డిజైన్ పాఠ్యపుస్తకం మొత్తం అక్కడే కనబడుతుంది. రంధ్రం ఎంత లోతు? ఈ రేకు మందం ఎక్కడ రాశావు? నువ్వు గీసిన లోపలి మూల సూదిలా ఉంది, కట్టర్ గుండ్రంగా తిరుగుతుంది గదా, మూలలో గుండ్రం మిగలక తప్పదు, ఎంత మిగలనివ్వాలి? ఈ బోల్టు పెట్టడానికి చోటుంది, స్పానర్ తిప్పడానికి చోటేది? ఒకతను అయిదు రంధ్రాల్ని వరసగా, ఒకదాని నుంచి మరోదానికి కొలతలు ఇచ్చాడు. చేసినవాడి దగ్గర ప్రతి రంధ్రంలో కాస్త కాస్త తేడా వచ్చి, ఆ తేడాలన్నీ కలిసి, చివరి రంధ్రం ఎదుటి భాగం మీది రంధ్రంతో కలవకుండా పోయింది. అన్ని కొలతలూ ఒక్క అంచు నుంచే ఇవ్వాలని ఏ ఉపన్యాసమూ అంత గట్టిగా చెప్పలేదు. ఇంకొకరి కాగితంలో సైడ్ వ్యూ ఏ వైపు పెట్టారో తెలిపే గుర్తు లేదు. మన దేశంలో వాడే ఫస్ట్ యాంగిల్ పద్ధతిలో గీసింది, అమెరికా వాళ్ల థర్డ్ యాంగిల్ పద్ధతిలో చదివితే అద్దంలో ప్రతిబింబంలాంటి వస్తువు తయారవుతుంది. సరిగ్గా అదే తయారైంది. కుడి చేతి బ్రాకెట్టు అడిగితే ఎడమ చేతిది వచ్చింది.

ఆ తర్వాతి వారం అదే పిల్లలు గీసే డ్రాయింగులు వేరుగా ఉంటాయి. గీతలు అందంగా ఉన్నాయా అన్న చూపు తగ్గుతుంది. చదివేవాడు ఎక్కడ ఆగిపోతాడో ముందే ఊహించుకుంటూ గీస్తారు. గీతలో ఇంకో మనిషి వచ్చి కూర్చుంటాడు.

గీయడం, చేయడం కలిపి నేర్పాలన్న మాట ముందు గ్రహించిన ఉపాధ్యాయుల్లో వుడీ ఫ్లవర్స్ ఒకరు. అమెరికాలో రెండో ప్రపంచయుద్ధం తర్వాత, ముఖ్యంగా కాలేజీ చదువుల మీద 1955లో వచ్చిన గ్రింటర్ నివేదిక తర్వాత, ఇంజనీరింగ్ చదువు సిద్ధాంతం వైపు మొగ్గి, వర్క్‌షాపులు, డ్రాయింగులు వెనక్కి జరిగాయి. ఆ గాలిలో, 1970ల్లో, ఆయన ఎం.ఐ.టి.లో 2.70 అనే కోర్సును చేతికి తీసుకున్నాడు. ప్రతి విద్యార్థికీ ఒకే రకం పెట్టె, అందులో ఒకే రకం చిల్లర సామాను. దాంతోనే ఇచ్చిన పని చేసే యంత్రం తయారుచేయాలి. చివర్లో పోటీ. కాలేజీ అంతా వచ్చి చూసేది. అదే స్ఫూర్తితో డీన్ కామెన్ 1989లో స్థాపించిన ఫస్ట్ సంస్థతో ఫ్లవర్స్ కలిసి పనిచేశాడు. బడిపిల్లల రోబోటిక్స్ పోటీలు అక్కడినుంచి లోకమంతా పాకాయి. పోటీ హోరు అందరికీ గుర్తుంటుంది. నాకైతే ఆ పెట్టె గొప్పగా తోస్తుంది. అందరికీ అదే సామాను. కావలసింది దొరకదు, దొరికినదాంతో కావలసింది చేయాలి.

డిజైన్‌లో ఇంకో భాగం మోడలింగ్. ఆ మాట వినగానే ఇప్పుడు పిల్లలకు తెర గుర్తొస్తుంది. రంగులు నిండిన తెర. ఎక్కువ ఒత్తిడి ఉన్నచోట ఎరుపు, తక్కువ ఉన్నచోట నీలం. చూడముచ్చటగా ఉంటుంది. ఆ బొమ్మ చూపించిన పిల్లల్ని నేను అడిగే ప్రశ్న ఒక్కటే: దీన్ని ఎక్కడ, దేనికి బిగించావు? జవాబు చాలాసార్లు రాదు. సాఫ్ట్‌వేర్‌లో ఒక ముఖం మీద నొక్కి ఫిక్స్‌డ్ అంటే చాలు, అది కొండకు బిగించినట్టే. లోకంలో అలాంటి బిగింపు ఎక్కడా లేదు.

దీన్ని చూపించడానికి ఒక స్టీలు స్కేలు, బల్ల, సి క్లాంపు చాలు. స్కేలును బల్ల అంచుకు బిగించి, 10 సెంటీమీటర్లు బయటికి వదిలి, కొసన చిన్న బరువు వేలాడదీసి ఎంత వంగిందో కొలవండి. అదే బరువుతో 20 సెంటీమీటర్లు వదలండి. పొడవు రెట్టింపైతే వంపు ఎనిమిది రెట్లవుతుందని సూత్రం. పిల్లలు ముందు లెక్క వేసి కాగితం మీద రాసుకుంటారు, తర్వాత కొలుస్తారు. ఎనిమిది రాదు. ఏడు వస్తుంది, ఆరున్నర వస్తుంది. అప్పుడు అసలు పాఠం మొదలవుతుంది. ఒకరు సూత్రం తప్పంటారు, ఒకరు కొలత తప్పంటారు. ఎవరో ఒకరు క్లాంపు వైపు వంగి చూసి, పట్టు అంచు దగ్గర కూడా స్కేలు కాస్త లేస్తోందని, కింద బల్ల చెక్క కూడా కాస్త నొక్కుకుపోతోందని కనిపెడతారు. బయటికి వదిలింది 10 సెంటీమీటర్లే అయినా, నిజంగా వంగే పొడవు ఇంకాస్త ఎక్కువేనన్నమాట. పొట్టి స్కేలుకు ఆ కాస్తా పెద్ద తేడా, పొడుగు స్కేలుకు చిన్న తేడా. అందుకే ఎనిమిది ఏడైంది. మోడల్ దేన్ని వదిలేసిందో తెలిసినవాడే దాన్ని నమ్మదగిన మేరకు నమ్మగలడు. ఆ పట్టు చూసిన పిల్లలు తర్వాత తెర మీద ఫిక్స్‌డ్ అని నొక్కేముందు వేలు ఆపి ఆలోచిస్తారు. నేను కళ్లారా చూశాను.

తెర మీద నమ్మకం ఎంత ఖరీదైనదో పెద్ద వాళ్లకూ తెలిసొచ్చింది. ఎయిర్‌బస్ కంపెనీ ఎ380 అనే రెండంతస్తుల విమానం చేస్తున్నప్పుడు జర్మనీలో హాంబర్గ్‌లో కొన్ని భాగాలు, ఫ్రాన్సులో టులూజ్‌లో కూర్పు. విమానంలో వైర్ల పొడవు 500 కిలోమీటర్ల పైమాటే. హాంబర్గ్ వాళ్లు కాటియా సాఫ్ట్‌వేర్ నాలుగో వెర్షన్ వాడారు, టులూజ్ వాళ్లు అయిదోది. రెండూ ఒకదానితో ఒకటి సరిగ్గా మాట్లాడుకోలేదు. ఎవరి తెర మీద వాళ్లకు అంతా బాగానే ఉంది. వైర్ల కట్టలు టులూజ్ చేరి, విమానంలో పరచబోతే పొడవు చాల్లేదు, వంపుల్లో ఇమడలేదు. 2006లో సంగతి బయటపడింది. మొదటి విమానం 2007 అక్టోబరులో సింగపూర్ ఎయిర్‌లైన్స్‌కు చేరేసరికి ముందు చెప్పిన గడువు ఎప్పుడో దాటిపోయింది. మా పిల్లలకు ఈ కథ చెబితే మొదట ఆశ్చర్యపోతారు. తర్వాత కుడి బ్రాకెట్టు ఎడమ బ్రాకెట్టైన రోజును గుర్తుచేసుకుంటారు.

ఇక వర్క్‌షాపు మాస్టారి గురించి చెప్పాలి. ప్రతి కాలేజీ వర్క్‌షాపులోనూ ఉంటారు. ఐ.టి.ఐ. చదివి, ఏ ఫ్యాక్టరీలోనో పని చేసి, ఇక్కడ ఇన్‌స్ట్రక్టరుగా చేరినవారు. అధ్యాపకుల సమావేశాలకు వీళ్లను పిలవరు. జీతం తక్కువ, కుర్చీ తక్కువ. మన సమాజంలో చేతితో పని చేసేవాడిని చదువుకున్నవాడికి ఒక మెట్టు కింద పెట్టిన పాత అలవాటు కాలేజీ గోడల మధ్య కూడా చెక్కు చెదరకుండా నిలిచింది. ఇది నాకు బాధ కలిగిస్తుంది. ఎందుకంటే పిల్లలకు డిజైన్ నేర్పేది చాలాసార్లు ఆయనే.

దానికో ఉదాహరణ చెబుతాను. 2007 నుంచి మన దేశంలో బాహా పోటీ జరుగుతోంది. ఇండోర్ దగ్గర పీతంపూర్‌లో మొదలైంది. ఒకే సీటు, పది హార్స్‌పవర్ ఇంజను, చుట్టూ ఇనుప పైపుల బోను ఉన్న కొండదారి బండిని విద్యార్థులే గీసి, వెల్డింగు చేసి, నాలుగు గంటల సేపు గుంతల్లో నడిపించాలి. మన రెండు రాష్ట్రాల కాలేజీల నుంచీ జట్లు వెళుతుంటాయి. మా జట్టు తెర మీద బోను గీసి, పైపులు కోయించి, ఒక మూల నుంచి గబగబా వెల్డింగు మొదలుపెట్టబోయింది. మాస్టారు వచ్చి ఆపారు. "వెల్డింగు లాగుద్ది బాబూ. ముందు అన్ని చోట్లా టాక్ కొట్టండి. తర్వాత ఇటు కాస్త, అటు కాస్త, ఎదురెదురుగా చెయ్యండి." టాక్ అంటే చుక్కలా వేసే తాత్కాలిక అతుకు. వేడికి కరిగిన లోహం చల్లారుతూ ముడుచుకుంటుంది, పైపును తన వైపు లాగుతుంది. తెర మీది బోనుకు ఆ లాగుడు తెలియదు. నేను బోర్డు మీద ఉష్ణ సంకోచం గురించి ఎంత చెప్పినా, ఆ రోజు వాళ్ల చెవికెక్కింది మాస్టారి మాటే.

ఇప్పుడు పరికరాల కొరత అంతకంతకూ తగ్గుతోంది. హైదరాబాద్ రాయదుర్గంలో 2023 మార్చిలో టీ-వర్క్స్ అనే నమూనాల తయారీ కేంద్రం తెరిచారు. చాలా కాలేజీల్లో త్రీడీ ప్రింటర్లు వచ్చాయి. ప్రింటరు మీద 10 మిల్లీమీటర్ల రంధ్రం అడిగితే కాస్త చిన్నదిగానే వస్తుందని పిల్లలు తొందరగానే నేర్చుకుంటారు, అదీ మంచిదే. నాకు భయం వేసేది వేరే విషయంలో. చివరి సంవత్సరం ప్రాజెక్టును అంగట్లో కొనుక్కొచ్చే అలవాటు ఊరూరా ఉంది. యంత్రం, రిపోర్టు, ప్రశ్నలకు జవాబులు, అన్నీ కలిపి ఒకే ధర. అమ్మేవాళ్లను తిట్టి లాభం లేదు. రికార్డు నిండుగా ఉంటే మార్కులిచ్చే పద్ధతి మనదే. ఆ పద్ధతి మార్చి, చేసిన వస్తువు పక్కన, చేస్తున్నప్పుడు పాడైన వస్తువులన్నీ కూడా బల్ల మీద పెట్టమని అడగండి. విరిగినవి, దిగనివి, కాలినవి. కొన్న ప్రాజెక్టుకు ఆ కుప్ప ఉండదు.

ప్రతి ఇంజనీరింగ్ డ్రాయింగు కుడి మూలన ఒక చిన్న పట్టీ ఉంటుంది. గీసినవారు, సరిచూసినవారు, ఆమోదించినవారు అని గళ్లు. మా పిల్లల షీట్లలో ఇంకో గడి చేర్చాం: చేసినవారు. ఆ గడిలో సంతకం లేని షీటుకు మార్కులు లేవు. మాస్టారు కూడా ఆ షీటు చదివి, దీన్ని చేయవచ్చు, చేయలేం అని రాసి మార్కులు వేస్తారు. డిగ్రీ లేని మనిషి బి.టెక్. పిల్లలకు మార్కులు వేయడమేమిటని అభ్యంతరం వచ్చింది. డ్రాయింగు ఎవరి కోసం గీస్తామో ఆయనే గదా అది బాగుందో లేదో చెప్పాల్సింది అన్నాను. కొంత వాదన జరిగాక ఒప్పుకున్నారు. మాస్టారు మాత్రం మార్కుల గురించి పెద్దగా పట్టించుకోలేదు. పిల్లలు గీసేశాక కాగితం తన దగ్గరికి వస్తే ఏం లాభం సార్, గీస్తున్నప్పుడే నన్ను వాళ్ల దగ్గరికి పంపండి అని అడిగారు. ఈ సెమిస్టర్ టైమ్‌టేబుల్లో డ్రాయింగ్ క్లాసు మొదటి గంట ఆయనది.